ఐతారం క్యాసెట్‌లో లేచిన చేతులు

కెమెరా పట్టుకుని కేబుల్ వార్తల్లోకి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే చెప్తున్నాను. ఈ పనిలో నాకు సన్మానం జరిగింది ఒకే ఒక్కసారి. అప్పుడు కప్పిన శాలువాను మా యజమాని నా భుజం మీద నుంచి తీసుకుపోయి, స్టూడియోలో తన కుర్చీ వెనక గోడకు మేకులు కొట్టి బిగించాడు. మర్నాటి నుంచి వార్తలకు కొత్త తెర వచ్చిందని ఊరంతా మెచ్చుకుంది. నా సన్మానం గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

నా పేరు యాకూబ్. పుట్టింది మహబూబాబాద్‌లో, మావాళ్లం మానుకోట అంటాం. పెళ్లి వీడియోలు తీస్తూ తీస్తూ జనగామ చేరి, అక్కడి లోకల్ కేబుల్ చానల్లో కెమెరామెన్‌గా కుదిరి, మోకాళ్లు మొరాయించే దాకా అక్కడే ఉన్నాను. ఇప్పటి పిల్లలు వచ్చి ఏ లెన్స్ మంచిది మామా, ఏ మైకు మంచిది మామా అని అడుగుతారు. అది దుకాణంవాడు చెప్తాడు. నేను చెప్పగలిగింది ఒక మనిషి గురించి, ఏడు క్యాసెట్ల గురించి, నేను చేసిన ఒక సిగ్గుమాలిన పని గురించి.

సగం మొఖం చాలు

మా యజమాని పేరు నర్సయ్య. ఊరికి మాత్రం ఏడుగంటల నర్సన్న. రోజూ సాయంత్రం ఏడింటికి తన ఇంటి వెనక గదిలో కూర్చుని ఆయన వార్తలు చదివితే, జనగామలో కేబుల్ తీగ ఉన్న ప్రతి ఇంట్లో ఆయన మొహం కనిపించేది. పైన కోటు, టై. టేబుల్ కింద లుంగీ. కెమెరాకు కనిపించని ప్యాంటును అరగదీయడం ఎందుకని ఆయన వాదన. బజార్లో ఎదురైతే ముసలవ్వలు ఆపి, "నాయినా, నిన్న వార్తల జర దగ్గినవ్, మిరియాల కషాయం తాగినవా?" అని అడిగేవాళ్లు. తాగలేదంటే ఇంటికి తీసుకుపోయి తాగించేవాళ్లు. అందుకే ఆయన తాగలేదనే చెప్పేవాడు.

పొదుపంటే మామూలు పొదుపు కాదు. స్టూడియోకు ఒకటే ట్యూబ్‌లైట్. అది ఎడమ గోడకు ఉండటంతో కుడి చెంప ఎప్పుడూ చీకట్లోనే. ఇంకొకటి పెడదామన్నా అంటే, "సగం మొఖం కనవడ్తె చాలదా? మిగిలిన సగం గట్లనే ఉంటది" అనేవాడు.

ఒకసారి భూపాలపల్లి దగ్గర చెల్పూర్ కరెంటు ప్లాంటు బొమ్మ కావాల్సి వచ్చింది. అటు పోతున్న ఒక పెళ్లివారి బస్సులో నన్ను ఎక్కించి, "ఆపుమని అడగకు, పెండ్లోళ్లకు లేటైతది. కిటికీలకెళ్లి తియ్" అన్నాడు. ప్లాంటు పొగగొట్టం కనబడగానే నేను కెమెరా ఎత్తాను. సరిగ్గా అప్పుడే నా ముందు సీట్లోని పెళ్లికొడుకు మేనత్తకు కడుపులో తిప్పి, ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టింది. దొరికింది ఆ ఒక్క బొమ్మే. నర్సన్న దాన్ని పారేస్తాడా? "ప్లాంటును చూస్తున్న జనం సంబురం పట్టలేకపోతున్నరు" అని చదివి వేసేశాడు. మేనత్త బంధువులు నెల రోజులు నన్ను వెతికారు.

మాకు ఉన్నవి ఏడు క్యాసెట్లు. వారానికి ఏడు రోజులు కాబట్టి ఏడు. సోమారం, మంగళారం, బుధారం... ఆదివారానికి ఐతారం అని ఒక్కోదాని మీద పేరు రాసి ఉండేది. ఈ సోమవారం తీసింది వచ్చే సోమవారం దాని మీదే మళ్లీ తీస్తే చెరిగిపోయేది. అంటే జనగామ చరిత్ర మా దగ్గర ఏడు రోజులు ఉండేది. ఎనిమిదో రోజున ఎవరైనా వచ్చి, పోయినవారం మా తాత మాట్లాడింది ఒకసారి చూపించన్నా అంటే, తాత మీద ఎద్దుల అంగడి వచ్చి ఉండేది. మీకిప్పుడు ఫోన్లోనే ఏండ్ల తరబడి బొమ్మలు నిలుస్తాయి. ఈ ఏడు క్యాసెట్ల లెక్క గుర్తుంచుకోండి, నా కథంతా దాని మీదే నడిచింది.

చానల్లో పనిచేసేది ముగ్గురం. నర్సన్న చదివేవాడు, నేను తీసేవాణ్ని, ఆయన భార్య సుగుణక్క వార్తలు రాసేది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. కూరగాయలు తరుగుతూనే నేను తెచ్చిన కబురు వింటుంది, కత్తిపీట పక్కన పెట్టి పెన్ను తీస్తుంది, నాలుగు ముక్కల్లో వార్త తయారు. ఊళ్లోవాళ్లు ఎట్లా మాట్లాడతారో అట్లానే రాసేది. వచ్చిన్రు, పోయిన్రు, ఏమాయె, ఎట్లాయె. వయసులో ఉన్నప్పుడు నర్సన్న వార్తలు చదివే ఉద్యోగానికని పట్నం పోతే, నీ భాష పనికిరాదని నవ్వి పంపేశారట. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు. సొంత చానల్ పెట్టుకుని ఆ భాషలోనే చదివాడు. సినిమాల్లో మన మాటను విలన్ల పక్కన ఉండే తాగుబోతుల నోట విన్న జనానికి, కోటు వేసుకున్న మనిషి నోట వినడం పండగలా ఉండేది.

జాతర మంది

ఆయన చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు కూడా చెప్పాలి. తెలంగాణ కావాలని ఊరూరా ర్యాలీలు నడుస్తున్న రోజులు. ఒక ర్యాలీకి నేను జ్వరంతో పోలేదు. శుక్రారం క్యాసెట్ చివర కురవి వీరభద్రస్వామి జాతర మంది కొంచెం మిగిలి ఉంది. నర్సన్న దాన్నే ర్యాలీ కింద వేసేశాడు. వార్తలు అయ్యీ కాకముందే ఫోన్లు. "అన్నా, ర్యాలీల అందరి చేతులల్ల కొబ్బరికాయలు ఉన్నయేంది?" అని ఒకాయన. "నా పెండ్లాం నాకు చెప్పకుండ ర్యాలీకి ఎప్పుడు వోయింది?" అని ఇంకొకాయన.

మర్నాడు ఆయన ఏడింటికి మొదటి వార్తగా చదివింది ఇదీ: "నిన్న చూపెట్టింది కురవి జాతర. ర్యాలీ బొమ్మలు మాకాడ లేకుండె. తప్పయింది, మాఫ్ చెయ్యున్రి." ఇంట్లో బల్బు ఆర్పేసి అందర్నీ ఒక్క గదిలో కూర్చోబెట్టే పిసినారి, తప్పు ఒప్పుకోవడంలో మాత్రం పిసినారి కాదు. ఆ ఒక్క గుణం కోసమే నేను ఆయన దగ్గర అన్నేళ్లు ఉన్నాను.

పెళ్లికార్డు వెనక

సుగుణక్క వార్తలు రాసేది పాత పెళ్లికార్డుల వెనక. ఊరందరికీ తెలిసిన మనిషి కాబట్టి నర్సన్నకు కార్డులు కుప్పలుగా వచ్చేవి. మందంగా ఉంటాయి, చేతిలో గలగలమనవు, పైగా కొనేది లేదు. అంతకంటే మంచి కాగితం ఆయనకు దొరకదు.

అప్పట్లో రోడ్ల మీద వంటావార్పు జరిగేది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, బంతులు సాగించి తినడం, అదే నిరసన. ఒకరోజు టీచర్లు, ఒకరోజు లాయర్లు, ఒకరోజు ఆటోవాళ్లు. నర్సన్న ఒక్కటీ వదిలేవాడు కాదు. ఉద్యమం మీద ప్రేమ నిజం, ఇంట్లో పొయ్యి అంటించే పని తప్పుతుందన్నదీ నిజం.

ఒక సాయంత్రం ఆయన మర్నాటి వంటావార్పు వార్త చదువుతున్నాడు. "రేపు పొద్దుగాల్ల..." అంటూ కార్డు మార్చబోయి, తర్వాతి కార్డును తిరగేసి పట్టుకున్నాడు. అది మా ఊరి పత్తి వ్యాపారి కాశీనాథం శేఠ్ కూతురి పెళ్లి కార్డు; పెళ్లి మర్నాడే, పాత కార్డులు అయిపోయి సుగుణక్క దాని వెనకే రాసేసింది. నర్సన్న ఆగలేదు. కళ్లు చదువుతాయి, నోరు పలుకుతుంది, మధ్యలో బుర్రకు పని లేదు. "...ఉదయం పది గంటలకు కల్యాణమండపము నందు, తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, మా విందు స్వీకరించి..." అని అదే గంభీరంగా చదివాడు. కెమెరా వెనక సుగుణక్క నెత్తి కొట్టుకుంటోంది. నేను నవ్వాపుకోలేక కెమెరా కదిలిస్తే, ఊళ్లో టీవీల్లో భూకంపం వచ్చింది.

మర్నాడు పదింటికి ఊరంతా మండపం ముందుంది. శేఠ్ ఉద్యమంలో కలిశాడని, పెళ్లితో పాటు వంటావార్పు పెట్టాడని జనం అనుకున్నారు. జై తెలంగాణ నినాదాల మధ్య మంగళవాద్యం వినబడక పంతులు చేతితో సైగ చేస్తే తాళి కట్టారు. శేఠ్ ఒక స్తంభానికి ఆనుకుని నా వైపు చూశాడు. "యాకూబ్, గింత మంది ఏంది? నేను పిల్వలే గద!"

"నర్సన్న పిల్చిండు శేఠ్," అన్నాను.

"ఎందుకు పిల్చిండు?"

"కార్డు తిరగవడ్డది."

వంటకాలు అయిపోతాయని ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. అయితే మా జనం మీరనుకున్నట్టు కాదు. అన్నం సరిపోదని తెలియగానే ఆడవాళ్లు ఇళ్లకు పోయి బియ్యం, పప్పు తెచ్చారు. మండపం ముందు రోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. పెళ్లివాళ్లూ ఊరివాళ్లూ ఒకే బంతిలో కూర్చున్నారు. ఉద్యమ నాయకులు వచ్చి శేఠ్ మెడలో కండువా వేస్తే, ఆయన ఏడుస్తూనే చేయెత్తి జై తెలంగాణ అన్నాడు. ఆ తర్వాత ఆయన నిజంగానే ఉద్యమంలో తిరిగాడు. కండువా పడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోవడం మర్యాద కాదనుకున్నాడో ఏమో.

నిలబడాల్నా, వద్దా

ఆ రోజు బంతిలోనే ఎవరో అన్నారు: "ఒక్క మాట నోరుజారితే ఊరంత వచ్చింది. నర్సన్న చైర్మన్‌కు నిలబడాలె." మున్సిపల్ ఎన్నికలు ఇవాళో రేపో అని అందరూ అనుకుంటున్న సమయం. మాట పొయ్యి దగ్గర నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి మార్కెట్‌కు పాకింది. సాంబయ్య సెలూన్లో, గౌస్ చాయ్ హోటల్లో ఒకటే ముచ్చట. వీళ్లిద్దరి దుకాణాలూ పక్కపక్కనే, ఇద్దరూ ఒకే కప్పులో చాయ్ పంచుకునే దోస్తులు. "ఇంట్లనే పైస జార్చడు, ఊరి సొమ్ము జారుస్తడా?" అని గౌస్. "వీధి దీపాలు మాత్రం రోజు విడిచి రోజు ఎలిగిస్తడు" అని సాంబయ్య. అయినా ఇద్దరూ ఆయనే కావాలన్నారు.

నర్సన్నకు ఆశ పుట్టింది. నేను కళ్లారా చూశాను. లుంగీ మీద కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటూ, "యాకూబ్, గా కుర్సీల కూసోని మన మాట మాట్లాడాలె రా. ముసలోళ్లు అర్జీ ఇచ్చుకుంట గిట్ల గట్ల అంటే ఆఫీసోళ్లు కిసుక్కున నవ్వుతున్నరు. నవ్వకుండ చెయ్యాలె," అన్నాడు. ఆ గొంతులో తమాషా లేదు.

నేను అడిగాను: "మరి వార్తలెవరు చదువుతరన్నా?"

"ఎవ్వరు చదవరు. చైర్మన్నయి నా ముచ్చట నేనే చదువుకుంటే ఊరు నవ్వుతది. చానల్ బందు పెడ్త."

యా అల్లా! యాభై దాటాను. పెళ్లి వీడియోలు అప్పటికే కొత్త కుర్రాళ్ల చేతికి పోయాయి. ఇంకో పని రాదు. నిజం చెప్పాలంటే ఇంకో పని వద్దు కూడా. ఈ అరిగిపోయిన కెమెరా, ఈ సగం మొహం, ఇవి లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? కానీ అన్న మొహం చూసి ఆ మాట అనలేకపోయాను. అనాల్సింది. ఇందులో మీకిచ్చే మొదటి సలహా అదే: భయం వేస్తే భయం వేసిందని చెప్పండి, నాలాగా కడుపులో పెట్టుకోకండి.

ఊరినే అడుగుతానని ఆయన ఒక ఆదివారం పొద్దున బస్టాండు వెనక ఖాళీ జాగాలో మీటింగ్ పెట్టాడు. స్టేజీ లేదు, కుర్చీలు లేవు, మైకు లేదు. నర్సన్న మీటింగ్‌లో చాయ్ కూడా దొరకదని తెలుసు కాబట్టి జనం టిఫిన్ డబ్బాలు, చాపలు తెచ్చుకున్నారు. ఆయనకూ ఒక డబ్బా తెచ్చారు. ఆయన నేల మీదే నిలబడ్డాడు, అందువల్ల ముందున్న రెండు మూడు వరసలు తప్ప ఆయనకు ఏమీ కనిపించవు. నేను పక్కన ఆగి ఉన్న ఆటో ట్రాలీ మీదికెక్కి ఐతారం క్యాసెట్ పెట్టి తీస్తున్నాను.

"మొత్తుకుంటే లెక్క తెల్వది. నోరు మూసుకొని, నిలబడాలన్నోళ్లు చెయ్యి లేపున్రి," అన్నాడు నర్సన్న.

లేచాయి. ముందు, మధ్యలో, వెనక, గోడ దాకా. అంత నిశ్శబ్దంగా అన్ని చేతులు లేవడం నేను మళ్లీ చూడలేదు. నేను చూసింది చేతుల్ని కాదు, నా ఉద్యోగం పోవడాన్ని.

స్టూడియోకు రాగానే ఆయన అడిగాడు. "ముందలోళ్లు లేపిన్రు, చూసిన. ఎనకోళ్ల సంగతేంది?"

నేను క్యాసెట్ వెనక్కి తిప్పాను. ఆయన ప్రశ్న అడగకముందు తీసిన ముక్క ఉంది. వెనక వరసలవాళ్లు చెమట తుడుచుకుంటున్నారు, డబ్బాలు విప్పుతున్నారు. ఆ ముక్క కెమెరా బుల్లి తెర మీద చూపించి, "ఎనక ఎవ్వరు లేపలేదన్నా," అన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. "సరే తియ్," అన్నాడు. ఆ సాయంత్రం వార్తల్లో, మీటింగ్ బొమ్మ వేయకుండానే, "ఎనకోళ్లకు ఇష్టం లేనట్టున్నది. నేను నిలబడుతలేను," అని చదివాడు.

తమ్ముళ్లూ, కెమెరాతో అబద్ధం చెప్పడానికి బొమ్మను మార్చనక్కర్లేదు. ఒక నిమిషం ముందుది చూపిస్తే చాలు. అది ఎంత తేలికో నాకు ఆ రోజే తెలిసింది. అయినా చెప్పలేదు. వచ్చే ఐతారం ఆ క్యాసెట్ మీద ఇంకేదో తీస్తాం, అంతా చెరిగిపోతుంది, అప్పటిదాకా నోరు మూసుకుంటే సరి అనుకున్నాను.

ముందలోళ్లు, ఎనకోళ్లు

సోమవారం పొద్దున సాంబయ్య గౌస్‌కు గడ్డం గీస్తున్నాడు. మీటింగ్‌లో ఇద్దరూ వెనకే నిలబడ్డారు. సగం గడ్డం గీశాక సాంబయ్య కత్తి పక్కన పెట్టాడు. "నిజం చెప్పు గౌస్ భాయ్. చెయ్యి లేపినవా?"

"అరె, నేను లేపిన! నువ్వు లేపినవా?"

"నేను లేపిన. నేను ముందటికి చూస్తున్న, నువ్వు లేపంగ నేను చూడలె."

"నువ్వు లేపంగ నేను కూడ చూడలె!"

గౌస్ సగం గడ్డంతో లేచిపోయాడు. వారమంతా అట్లాగే చాయ్ అమ్మాడు. ఊళ్లో ఇంకో మంగలి దగ్గరికి పోవడం మర్యాద కాదని ఆయన పంతం. సాంబయ్యకు చాయ్ బంద్. ఇది ఇద్దరితో ఆగలేదు. వెనక నిలబడ్డ ప్రతివాడూ నేను లేపాను, పక్కవాడే లేపలేదు అంటాడు. అత్తను కోడలు నమ్మదు, బావను బామ్మర్ది నమ్మడు. ముందు నిలబడ్డవాళ్లు ఏదో యుద్ధం గెలిచినట్టు మీసాలు తిప్పుతూ తిరిగారు. ఎన్ని బంద్‌లు, ఎన్ని ధర్నాలు జరిగినా ఒక్క మాట మీదున్న ఊరు, చేతుల దగ్గర రెండుగా చీలింది.

నేను ప్రతి పూటా ఇదంతా తీస్తూ తిరుగుతున్నాను. నర్సన్న మాత్రం ఊళ్లో గొడవ గురించి ఒక్క మాట అనడు. పైగా, "ఐతారం క్యాసెట్ మీద జల్ది ఏదన్న తియ్యి రా, ఐతారం దాక ఎందుకు ఆగుడు?" అన్నాడు బుధవారం. ఏ రోజు క్యాసెట్ ఆ రోజే వాడాలని నన్ను తిట్టిపోసే మనిషి! సుగుణక్క కూడా గురువారం అదే మాట అడిగింది. నాకు అనుమానం రావాల్సింది. నా భయంలో నేనుండి పట్టించుకోలేదు.

ఆదివారం వచ్చింది. చౌరస్తాలో వంటావార్పు. పోయి చూస్తే రెండు పొయ్యిలు. ఒకటి ముందలోళ్లది, ఒకటి ఎనకోళ్లది. ఎనకోళ్ల పొయ్యి దగ్గర కూడా ఎవరి ముఖం వాళ్లు అటు తిప్పుకుని ఉన్నారు. రెండింటి మధ్య రోడ్డు మీద మల్లవ్వ అనే ముసలావిడ ఖాళీ విస్తరి ముందు పెట్టుకుని కూర్చుంది. నేను ఐతారం క్యాసెట్ పెట్టి, బటన్ మీద వేలు ఉంచి, కంటికి కెమెరా ఆనించాను. ఆవిడ నన్ను చూసింది.

"యాకూబు, నువ్వు మీదికెక్కి తీసినవ్ గద. నా చెయ్యి కనవడలేదా బిడ్డా? నా భుజం లేవది. ఈ చెయ్యితోని ఆ చెయ్యిని పట్టి లేపిన. మా ఇంట్ల ఎవ్వలు నమ్ముతలేరు."

బటన్ నొక్కలేకపోయాను. కెమెరా దించాను. ఆ రోడ్డు మీద నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ముగ్గురిదీ ఒకటే

స్టూడియోకు పోయి నర్సన్న ముందు క్యాసెట్ పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. "నా నౌకరి పోతదని భయపడ్డ అన్నా. అందరు లేపిన్రు. నేనే అబద్ధం చూపెట్టిన. కొడితే కొట్టు."

ఆయన కొట్టలేదు. నా కళ్లలోకి చూడలేదు కూడా. "నాకెరుకే. సోమారమే చూసిన. క్యాసెట్ ఆఖర్ల ఎంత జాగ మిగిలిందో చూద్దామని తిప్పిన," అన్నాడు.

నేను ఆగలేక అడిగాను. "మరి... ఎందుకు ఊకున్నవన్నా? జాతర మందికే మాఫీ అడిగినోనివి!"

ఆయన క్యాసెట్ టీవీకి పెట్టి తిప్పాడు. వందల చేతులు. నా కెమెరా మెల్లగా వెనక్కి జరిగింది. గోడ పక్కన రేకుల నీడలో ఆడవాళ్లు. అందరి చేతులూ పైనే, మల్లవ్వ చేయి కూడా. మధ్యలో ఒక్క మనిషి మాత్రం రెండు చేతులూ గట్టిగా కట్టుకుని నిలబడి ఉంది. సుగుణక్క.

ఆ రోజు కెమెరా నా చేతిలోనే ఉంది, కన్ను కూడా నాదే. అయినా నేను ఆమెను చూడనే లేదు.

"ఊరంత లేపింది. నా పెండ్లాం లేపలె," అన్నాడు నర్సన్న. "ఇది వేస్తే ఊరు నవ్వుతదని నేను గూడ ఐతారం కోసమే చూస్తున్న."

తలుపు దగ్గర చప్పుడైంది. సుగుణక్క ఒకే కప్పు చాయ్, రెండు ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. టీవీలో ఉన్న తనను తాను చూసింది. "నేను గూడ," అంది మెల్లగా. మా చానల్ మొత్తం సిబ్బంది ముగ్గురం. వారం రోజులుగా ముగ్గురమూ ఆ క్యాసెట్ ఎప్పుడు చెరిగిపోతుందా అని ఎదురుచూశాం. ఊరేమో బయట కొట్టుకు చస్తోంది.

నర్సన్న ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎందుకు లేపలె సుగుణా? నేను పనికిరానా?"

"ఇంట్ల ఒక్క బల్బు కింద అందరిని కూసోవెడ్తవు. ఊరి గతేంగావాలె?" అంది. అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. చాయ్ కింద పెట్టింది.

"నువ్వు చైర్మనైతే నీకు ఆఫీసోళ్లు రాసిస్తరు. నా రాత ఎవ్వలు చదువుతరు? పొద్దంత ఈ ఇంట్ల పొయ్యికాడ ఉంట. ఏడు గొట్టంగ నువ్వు కోటేసుకొని నా మాట చదువుతవు. ఊరంత ఇంటది. నాకు నువ్వు ఇంకేం పెట్టినవ్? గదొక్కటే. గది గూడ పోతదని చేతులు కట్టుకున్న."

నర్సన్న కుర్చీలో కూలబడ్డాడు. చదివేది నేను, ఊరు వింటున్నది నన్ను అనే అనుకున్నాడు అన్నేళ్లూ. చాయ్ చల్లారిపోయింది, ముగ్గురిలో ఎవరమూ ముట్టలేదు. ఆ ఇంట్లో ఒక పదార్థం వృథా కావడం నేను చూసింది అప్పుడే.

కొంతసేపటికి ఆయన, "రాయి," అన్నాడు. ఆమె కూర్చుని రాసింది. నా తప్పు రాసింది, ఆయన తప్పు రాసింది, తన చేతులు కట్టుకున్న సంగతి రాసింది. ఏదీ తగ్గించలేదు.

ఏడింటికి నర్సన్న చదివాడు. మధ్యలో క్యాసెట్ వేశాం. ఎనకోళ్లందరి చేతులూ ఊరు చూసింది. "చెయ్యి లేపనోళ్లు ఎవ్వరు లేరు, మా ఇంటామె తప్ప. ఆమె మాట విని నేను నిలబడుతలేను. తప్పుడు బొమ్మ చూపెట్టిన యాకూబును మాత్రం తీసేస్తలేను," అని చదివాడు. బయట వీధిలో ఎవరో కేక వేశారు, ఇంకెవరో గట్టిగా నవ్వారు. దూరంగా గౌస్ గొంతు వినిపించింది: "సాంబయ్యా! కత్తి తీస్కొని రా!"

కాగితం అయిపోయింది. నేను కెమెరా ఆపబోయాను. నర్సన్న చేయెత్తి ఆపాడు. కాగితం పక్కన పెట్టి, ఎప్పుడూ చూసే చోట కాకుండా, కెమెరా వెనక నా పక్కన నిలబడ్డ మనిషి వైపు చూశాడు.

"ఇన్నేండ్ల సంది మీరు ఇంటున్న వార్తలన్ని రాసింది సుగుణ," అన్నాడు.

సుగుణక్క నా మోచేయి పట్టుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, కోపంగా నా చెవిలో అంది:

"గా మాట నేను రాయలె!"